చుక్కలు తీసేశాక మిగిలే వెలుగు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అక్క, అక్క అత్తగారు, నేను. బావ పొద్దున్నే పనికి వెళ్ళిపోయాడు కాబట్టి లెక్కలోకి రాడు. పై వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఉంది, కానీ మాకు ఆవిడ మనిషిగా కన్నా మిషను చప్పుడుగానే ఎక్కువ తెలుసు, రోజంతా నెత్తిమీద పరిగెడుతూ ఉంటుంది. ఇంకొకరు కూడా ఉన్నారు, అక్క కడుపులో, ఎనిమిదో నెల. ఉన్నారు అని రాయబోతే కలం కొంచెం ఆగింది. ముందురోజు సాయంత్రం నుంచి కదలిక లేదు. నిద్రపోతున్నాడు అంటుంది అక్క. ఇంత నిద్రా అంటుంది అత్తయ్య. అక్క అత్తగారిని నేనూ అత్తయ్య అనే పిలుస్తాను, కానీ పిలిచింది తక్కువ, ఆవిడ ఉన్న గదిలోకి వెళ్ళి ఆవిడే చూసేదాకా నిలబడటం ఎక్కువ. అక్కకి ముందురోజు రాత్రి నుంచీ జ్వరం. ఒళ్ళు కాలుతుంటే కూడా కంప్యూటరు ముందు కూర్చుని, అత్తయ్య వచ్చి కుర్చీ వెనక్కి లాగేదాకా లేవలేదు.

భోజనాలయ్యాక మంచం మీద వెనక్కి వాలి "చీపురు తియ్యవే" అంది అక్క. చీపురు కర్రతో పైకప్పు మీద రెండు దెబ్బలు కొట్టడం నా పని. రెండు దెబ్బలంటే మిషను కాసేపు ఆపండి, మేము కడుపులోవాడి గుండె చప్పుడు వింటున్నాం అని. అక్క ఇంటికి వచ్చిన కొత్తలో ఆ దెబ్బలు కూడా గట్టిగా కొట్టలేకపోయేదాన్ని. అక్క నవ్వి "అది పైకప్పే, పెళ్ళికూతురు బుగ్గ కాదు" అనేది. కొట్టాను. మిషను ఆగింది. పైనుంచి ఆవిడ గొంతు వినిపించింది, "దొరగారికి నా దణ్ణాలు చెప్పండి" అని. కడుపులోవాడికి ఆ పేరు పెట్టింది ఆవిడే. మామూలుగా అయితే అత్తయ్య కూడా ఊరుకోదు, దొరగారు ఇంకా లేవలేదు, వచ్చే వారం రమ్మన్నారు అని ఏదో ఒకటి అంటుంది. ఆ రోజు మాత్రం మంచం కాళ్ళ దగ్గర నిలబడి, ఎవరి ఫోనో వచ్చేట్టు తన ఫోను చేతిలో పట్టుకుని ఉంది.

అక్క పొట్టమీద జెల్ రాసుకుని ఆ చిన్న యంత్రం మొనని అటూ ఇటూ జరిపింది. సబ్బుపెట్టె అంత ఉంటుంది, తీగ చివర గుండ్రటి మొన, దుకాణంలో ఎవరైనా కొనుక్కోవచ్చట. ముందు రేకుల మీద వాన పడుతున్నట్టు గరగర. మొన జరుగుతున్నకొద్దీ గరగర పెరుగుతూ తగ్గుతూ. తర్వాత దొరికింది. తడిబట్టని ఎవరో గబగబా జాడిస్తున్నట్టు, దూరంగా, కానీ ఉంది. "అదిగో" అంది అక్క. "వినండి అత్తయ్యా. ఇంకా ఆసుపత్రి ఆసుపత్రి అంటారేం?" "నా మనసు ఒప్పుకోవట్లేదే. మా వాడికి ఫోన్ చేస్తానంటే చెయ్యనివ్వవు" అంది అత్తయ్య. "ఈ ఒక్క లెక్కా తేలనివ్వండి. సాయంత్రం నేనే వెళ్దాం అంటాను." "లెక్కలు ఎక్కడికి పోతాయి? ఎప్పటి లెక్కలో అవి, మనం పుట్టకముందువి." అక్క నవ్వింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. యంత్రాన్ని కుడిచేత్తో అదిమిపెట్టి ఎడమచెయ్యి నా ఒళ్ళో పెట్టింది, పట్టుకోమన్నట్టు. పట్టుకున్నాను. మా అమ్మ మాకు జ్వరం వస్తే నుదురు కాదు, మణికట్టు పట్టుకుని చూసేది. నా వేళ్ళకీ ఆ అలవాటే వచ్చింది, బొటనవేలు కింద, మిగతావి పైన నరం మీద.

అక్క చెప్పే లెక్క ఎప్పటిదో నిజమే. అక్క పరిశోధన చేసే గెలాక్సీ వెలుగు అక్కడ బయల్దేరినప్పుడు ఇక్కడ మనుషులే లేరట. కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, మసకగా, పెద్దవాటి పక్కన ఎవరూ పట్టించుకోనిది, పటాల్లో దానికి ఒక అంకె ఉంది కానీ అక్క "మా పిల్లది" అంటుంది. అందులో అన్నీ ముసలి నక్షత్రాలే, కొత్తవి పుట్టడం ఎప్పుడో ఆగిపోయింది. ముసలి నక్షత్రాలు ఒంటిమీది వాయువుని కొంచెం కొంచెం వదిలేస్తాయి, ఆ వాయువు లక్షల డిగ్రీల దాకా వేడెక్కుతుంది, అంత వేడెక్కితే కంటికి కనపడే వెలుగు ఇవ్వదు, ఎక్స్‌రే వెలుగు ఇస్తుంది. ఆసుపత్రిలో ఎముకలు చూసే వెలుగులాంటిదే అని చెప్పింది మొదటిరోజు. అక్కడ ఎవరి ఎముకలు కనిపిస్తాయక్కా అని అడగాలనిపించింది, అడగలేదు. పెద్ద గెలాక్సీలు ఆ వేడి వాయువుని పోనివ్వకుండా పట్టుకుంటాయి, వాటికి బరువుంది. మసకవాటికి అంత బరువు లేదు. వేడెక్కిన వాయువు ఎగిరి బయటికి పోతుంది, నక్షత్రాలు వదులుతూనే ఉంటాయి, అది పోతూనే ఉంటుంది, లోపల ఏమీ నిలవదు. అందరూ అలాగే అంటారట. అక్క మాత్రం మా పిల్లది కొంచెం నిలుపుకుంది అంటుంది. మొదట్లో ఇదంతా విని అత్తయ్య, "ఆకాశంలో గ్యాసు సంగతి నువ్వు చూసుకో, వంటింట్లో గ్యాసు అయిపోయింది, అది నేను చూసుకుంటా" అంది, అప్పుడు బావ తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఎన్ని నవ్వులున్నాయో. ఎప్పుడది, వర్షాలు మొదలైనప్పుడు, దొరగారు మొదటిసారి తన్నినప్పుడు. అక్క నా అరచెయ్యి తీసుకుని పొట్టమీద పెట్టింది, లోపలినుంచి ఎవరో మోచేత్తో తోసినట్టు. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను, ముట్టుకోకూడనిది ముట్టుకున్నట్టు. మళ్ళీ పెట్టమని అడగడానికి సిగ్గేసింది, ఇంకో వారం పట్టింది.

తడిబట్ట జాడిస్తూనే ఉంది. అక్క కళ్ళు మూసుకుంది. చెయ్యి కాలుతోంది, జ్వరం నా వేళ్ళలోకి ఎక్కుతోంది. మా బళ్ళో లెక్కల మాస్టారు ఎవరు చెప్తారు అని అడిగినప్పుడు నాకు తెలిసేది, చాలాసార్లు తెలిసేది, చెయ్యి లేచేది కూడా, కానీ చెవిదాకా వెళ్ళి అక్కడ జుట్టు సర్దుకుని దిగిపోయేది. నా జుట్టు అంత చక్కగా ఉండటానికి కారణం లెక్కలే అని అక్క వెక్కిరించేది. అందుకేనేమో ఇక్కడికి వచ్చాక నాకు నోటితో పని లేని పని ఇచ్చింది, చుక్కల చుట్టూ గుండ్రాలు గియ్యడం. తెర మీద మా పిల్లది బొమ్మ ఉంటుంది, నల్లటి మీద బూడిదరంగు మసక, అందులో అక్కడక్కడ గట్టి చుక్కలు. ఆ చుక్కలు వాయువు కావు. చచ్చిపోయిన నక్షత్రం ఒకటి పక్కన ఉన్న బతికున్నదాన్ని పీల్చుకుంటూ ఉంటుందట, ఆ పీల్చిన దానికీ ఇదే ఎక్స్‌రే వెలుగు వస్తుంది. దూరం నుంచి చూస్తే అన్నీ కలిసిపోయి ఒకే మసకలా కనిపిస్తుంది. అమ్మయ్య, వాయువు ఉంది, నిలిచింది అనుకుంటాం. అందుకని ముందు చుక్కల్ని ఒక్కోటీ చుట్టి తీసెయ్యాలి. కనపడనంత చిన్న చుక్కలవీ ఎంతుంటుందో అంచనా వేసి అదీ తీసెయ్యాలి. చివరికి చూసే యంత్రానికి కూడా సొంత మెరుపు ఉంటుందట, దాన్నీ తీసెయ్యాలి. నువ్వు చూస్తున్నది దాన్నా, నిన్ను నువ్వేనా, ముందు అది తేల్చుకోవాలే అని చెప్పేది. గుండ్రాలు గీయడం అయ్యాక వెనకనుంచి వచ్చి నా కుర్చీ మీద చేతులు వేసి, ఒకటే అడిగేది, ఎప్పుడూ అదే గొంతుతో, "అవి తీసేస్తే? ఏమన్నా మిగిలిందా?" నాకు తెలిసేది కాదు. నువ్వే చూడక్కా అన్నట్టు పక్కకి జరిగేదాన్ని.

గుండె ఒక దెబ్బ మానేసింది.

యంత్రంలో. జాడిస్తున్న చెయ్యి ఒక్కసారి ఆగి, మళ్ళీ మొదలుపెట్టినట్టు. నేను అక్క ముఖం చూశాను. కళ్ళు తెరవలేదు. పైనుంచి కుర్చీ జరిపిన చప్పుడు, ఆవిడ ఎదురుచూస్తోంది, ఇంతసేపు ఎప్పుడూ పట్టదు. మా ఇంట్లో అక్కా నేనూ ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం, అక్క చదువుకోవడానికి వెళ్ళిపోయేదాకా. ఉరుములు వస్తే నేను అక్క వీపుకి చెవి ఆనించుకునేదాన్ని, ఒక చెవిలో అక్క గుండె ఉంటే ఇంకో చెవిలో ఉరుము తక్కువ వినపడేది. అక్క గుండె అందరి గుండెలా కొట్టుకోదు. ఇంత దూరం బాగా నడిచి ఒక అడుగు మర్చిపోతుంది, తర్వాత అడుగు కొంచెం గట్టిగా వేస్తుంది. మొదటిసారి విన్నప్పుడు అక్క చచ్చిపోయిందనుకుని ఏడ్చాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఏమీ కాదు, కొందరికి ఉంటుంది అన్నాడు. అప్పట్నుంచి అక్క దాన్ని చెప్పి ఆటపట్టించేది, "పడుకోవే, నా గుండె కూడా మధ్యలో కునుకు తీస్తోంది, నీకేం రోగం" అని. ఆ కునుకు కోసం మేలుకుని ఉండేదాన్ని. వచ్చాక నిద్రపోయేదాన్ని. అక్క వెళ్ళిపోయాక మంచం సగం ఖాళీ అయింది, అమ్మ వచ్చి పడుకుంది కొన్నాళ్ళు, అమ్మ గుండె ఎక్కడా ఆగకుండా నడిచేది, నాకు నిద్రపట్టేది కాదు. తన కడుపులో వాడికి కూడా ఇలాగే వస్తుందా అని అక్క నవ్వుతూ అడిగితే పోయిన నెల ఆసుపత్రిలో డాక్టరమ్మ లేదమ్మా, మీ వాడిది మంచి పరుగు, ఎక్కడా తొట్రుపాటు లేదు అంది. ఆ పక్కన నేనున్నాను. అక్క చెప్పులు పట్టుకుని నిలబడ్డాను.

మళ్ళీ మానేసింది. ఈసారి నా వేళ్ళ కింద కూడా.

కాదు. వేళ్ళు జరిగి ఉంటాయి. సరిగ్గా పట్టుకున్నాను, మధ్యవేలు నరం మీద. జాడిస్తున్న చప్పుడు, వేలి కింద తన్ను. చప్పుడు, తన్ను. రెండు గుండెలు కాదు. ఒకటే. జ్వరంలో అక్క గుండె పరిగెత్తుతోంది, చిన్న పిల్లల గుండెలంత వేగంగా, అందుకే అత్తయ్యకి తెలియలేదు, పొద్దున విన్నప్పుడు నాకూ తెలియలేదు, ముందురోజు రాత్రి బావకీ తెలియలేదు, ఆయన విని హమ్మయ్య అని అక్క తల నిమిరి వెళ్ళి పడుకున్నాడు. గోడ మీద క్యాలెండరు ఫ్యాను గాలికి లేచి పడుతోంది. అత్తయ్య చేతిలో ఫోను వెలిగి ఆరింది. ఇప్పుడు చెప్పాలి. చెయ్యెత్తాలి. చెప్తే అది అప్పుడే జరిగినట్టు అవుతుందని భయం, చెప్పకపోతే సాయంత్రం దాకా అక్క ఇలాగే కాలుతూ పడుకుని ఉంటుందని భయం. అక్క చెయ్యి ఇంతకుముందు కన్నా వేడిగా ఉంది. వాయువు నిలబెట్టుకోలేని గెలాక్సీలకి ఏమవుతుందక్కా అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి నోరు విప్పి అడిగాను. ఏమీ అవదే అంది. నక్షత్రాలు అలాగే ఉంటాయి, తిరుగుతూనే ఉంటాయి, బయటినుంచి చూస్తే తేడా ఏమీ తెలీదు. అలా చెప్తూ కంప్యూటరు మీద దుమ్ము వేలితో తుడిచింది. చుక్కలన్నీ తీస్తుంది, కనపడనివీ తీస్తుంది, యంత్రం మెరుపు తీస్తుంది, ఇన్నేళ్ళుగా ఇదే పని, రోజూ పొద్దున్న లేచి ఇదే పని. తనని తాను తియ్యడం ఎలా మర్చిపోయింది.

మర్చిపోయిందా.

నాకు తెలియకుండానే నా పెదవులు కదులుతున్నాయి, ఒక్కో దెబ్బకీ. చిన్నప్పుడు వీపు వెనక అలాగే లెక్కపెట్టుకునేదాన్ని కునుకు వచ్చేదాకా. తలెత్తేసరికి అక్క కళ్ళు తెరిచి ఉంది. నా పెదవుల్ని చూస్తోంది. తర్వాత తన మణికట్టు మీద నా వేళ్ళని చూసింది. చాలాసేపు. ఆ చూపులో ఆశ్చర్యం ఉంటుందని నేను ఎదురుచూశాను, ఉండాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. లేదు. దాచుకున్న చోట ఎవరో చెయ్యి పెట్టినప్పుడు చూసే చూపు. గుండె ఇంకోసారి కునుకు తీసింది, యంత్రంలోనూ వేలి కిందా, ఆ క్షణం మా ఇద్దరిమధ్యా దాక్కోవడానికి చోటు లేకపోయింది. అక్క బొటనవేలితో యంత్రం మీట నొక్కింది. గదిలో ఏ చప్పుడూ లేదు. "అత్తయ్యా" అంది, మామూలు గొంతుతో, మంచినీళ్ళు అడిగినట్టు. "మీ అబ్బాయికి ఫోన్ చెయ్యండి."

అత్తయ్య ఫోను చెవికి పెట్టుకుని వరండాలోకి వెళ్ళింది, "ఉన్నపళంగా రా, ఎందుకని అడక్కు, రా" అనడం వినపడింది. నేను తువ్వాలు తెచ్చి అక్క పొట్టమీద జెల్ తుడిచాను. గట్టిగా తుడిస్తే నొప్పెడుతుందేమోనని మెల్లగా, ఎవరికి నొప్పెడుతుందని. అక్క కంప్యూటరు వైపు చూస్తూ పడుకుంది. లెక్క దానంతటది నడిచి ఎప్పుడు అయిపోయిందో, తెర మీద కొత్త బొమ్మ వచ్చి ఉంది, చుక్కలన్నీ పోయి, నేను గీసిన గుండ్రాల చోట నున్నగా పూడ్చినట్టు. మధ్యలో ఏదో మసక ఉన్నట్టే ఉంది. దగ్గరికెళ్తే లేనట్టే ఉంది. తెర అంచున దుమ్ము ఉంది. నేను తల తిప్పి అక్క వైపు చూశాను, అక్కా చూస్తోందేమోనని. అక్క అప్పటికి గోడ వైపు తిరిగిపోయింది. వీపు నావైపు ఉంది. వెళ్ళి చెవి ఆనించాలనిపించింది. అత్తయ్య సంచీలో బట్టలు సర్దుతోంది, అక్క బట్టలు, తువ్వాళ్ళు, తర్వాత బీరువా కింది అరలోంచి చిన్నచిన్న చొక్కాలు తీసి పెట్టింది, పై వాటావిడ మిగిలిన గుడ్డల్తో కుట్టి ఇచ్చినవి. పెట్టి, కాసేపు నిలబడి, బయటికి తీసింది. తీసినవి మళ్ళీ పెట్టింది. నేను చూస్తున్నానని చూసి, "ఏం చూస్తావే, నీళ్ళ సీసా తే" అని కసిరింది, కసురుతూనే ఏడ్చింది.

మిషను మొదలుపెట్టుకోమని చెప్పడం ఎవరికీ గుర్తులేదు. మెట్ల మీదనుంచి ఆవిడే అడిగింది, "మొదలెట్టుకోనా అమ్మా?" అని, రెండోసారి అడిగింది, చివరికి మెడలో కొలతల టేపుతో దిగి వచ్చింది. "దొరగారు ఏమం..." అని, అక్కని పట్టుకుని గుమ్మం దాటిస్తున్న అత్తయ్య ముఖం చూసి, టేపు చివర పిడికిట్లో పట్టుకుని గోడకి అతుక్కుపోయింది. ఎండ కళ్ళలో పడింది. వీధి మామూలుగా ఉంది, ఎవరో కూరగాయల సంచీ దించి చెయ్యి మార్చుకుంటున్నారు. బావ కారు ఆపీ ఆపకముందే దిగాడు, అక్క నుదుటి మీద చెయ్యి పెట్టి, "నిన్న బాగానే వినపడింది కదా. నేనూ విన్నాను కదా" అన్నాడు, అక్కతో కాదు, అత్తయ్యతో కాదు, కారు పైభాగంతో. అక్క వెనక సీట్లో కూర్చుంది. అత్తయ్య ముందు కూర్చుంది. నేను అవతలి వైపునుంచి ఎక్కబోతే అక్కడ సంచీ, తలగడలు. "నువ్వు ఇంట్లో ఉండమ్మా" అన్నాడు బావ. ఉంటాను అని తలూపి, ఇవతలికి వచ్చి, అక్క వైపు తెరిచి ఉన్న తలుపు దగ్గర నిలబడ్డాను. తలుపు నేనే వెయ్యాలేమో, అక్క చెయ్యి బయట ఉందేమో చూసుకుని వెయ్యాలి.

అక్క చెయ్యి లోపలే ఉంది. రెండు చేతులూ పొట్టమీద, ఒక చెయ్యి మణికట్టుని ఇంకో చెయ్యి పట్టుకుని. నావైపు చూడకుండా, నా కుర్చీ మీద చేతులు వేసి అడిగే గొంతుతో అడిగింది.

"నాది తీసేస్తే? ఏమన్నా మిగిలిందా?"

పక్కకి జరగడానికి చోటు లేదు. నువ్వే చూడక్కా అనడానికి లేదు. నాకు తెలుసు. ఈసారి నాకు తెలుసు. నా చెయ్యి లేచి చెవిదాకా వెళ్ళింది, జుట్టు దగ్గర ఆగింది, దాన్ని కిందికి దించేసి నోరు తెరిచాను, నిజంగా తెరిచాను. అక్క నా నోటివైపు చూసింది. చూసి, చెయ్యి చాపి, కారు తలుపు లాగి వేసేసుకుంది.